మకిలికీ మెరుపుకీ మధ్య: పాతబస్తీ కుర్చీల కథ

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత ఉన్న భాష మనది. వస్తువుల మీద కాలం వేసే పొరలకి మన దగ్గర మాటలు చాలానే ఉన్నాయి గానీ, దాదాపు అన్నీ తిట్లే: చిలుము, మకిలి, జిడ్డు, మసి, పాచి. అన్నీ వదిలించుకోవాల్సినవే. పండగ ముందు రోజు ఇత్తడి బిందెని చింతపండు పెట్టి తోమి, అది తళతళలాడితేనే ఇల్లు శుభ్రమైనట్టు. అదే ఇంట్లో ఉయ్యాల బల్ల అంచు, పందిరి మంచం కోడు, భోషాణం మూత మాత్రం ఎవరూ తోమకుండానే చేతులు తగిలి తగిలి ఒక రకమైన నునుపు తేలతాయి. దానికి మనం పేరు పెట్టుకోలేదు. "వన్నె తేలింది" అని ఊరుకుంటాం.

ఇటాలియన్లు పెట్టుకున్నారు. ఫ్లారెన్సులో ఫిలిప్పో బాల్దినూచ్చి 1681లో అచ్చువేసిన కళా పదకోశంలో 'పాటినా' అన్న మాట ఉంది. పాత చిత్రాల మీద కాలం పరిచే ముదురు ఛాయ అని అక్కడి అర్థం. తర్వాత ఆ మాట కంచు విగ్రహాలకీ, పాలరాతికీ, కర్రసామానుకీ పాకింది. ఈ వ్యాసంలో నేను దాన్ని వన్నె అనే అంటాను.

పాత కర్రసామాను వన్నె పోకుండా మకిలి మాత్రం తియ్యడం ఎలా? వినడానికి ఇది వడ్రంగి తేల్చాల్సిన ప్రశ్నలా ఉంటుంది. హైదరాబాద్ పాతబస్తీకి వచ్చేసరికి ఇది చరిత్ర ప్రశ్న కూడా అవుతుంది. ఇక్కడికి కుర్చీ ఎప్పుడొచ్చింది, దాని మీద మెరుపు దేనితో వచ్చింది, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది అన్నవి తెలియకపోతే ఏ పొర మకిలో, ఏ పొర వన్నెనో చెప్పలేం.

*

నిజాం దర్బారు చాలాకాలం నేలమీద కూర్చునే దర్బారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ ముబారక్ హాలుకి వెళ్తే, పైన షాండిలియర్లు, కింద మధ్యలో పాలరాతి తఖ్త్-ఎ-నిషాన్ కనపడతాయి. అది ఆసనమే గానీ కుర్చీ కాదు. వీపు ఆనించే చట్రం లేని, ఎత్తైన అరుగు. దాని మీద పరుపులు, బాలీసులు వేసుకుని కూర్చోవాలి. మిగతావాళ్ళు నేలమీద తివాచీల మీద. బ్రిటిష్ రెసిడెంటుకి కూడా ఇదే పద్ధతి. బూట్లు విప్పి, నేలమీద కూర్చోవాల్సిందే.

1869 ఫిబ్రవరిలో ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పోయాడు. వారసుడు మహబూబ్ అలీ ఖాన్‌కి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. పిల్లవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టే సందర్భంలోనే రెసిడెంటు పట్టుబట్టి పాత మర్యాద మార్పించాడు. అప్పట్నించీ బ్రిటిష్ వాళ్ళు బూట్లతో వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఒక సామ్రాజ్యం తన పై చేయిని ఎక్కడెక్కడ చూపించుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. ఒక్క తూటా పేలలేదు, కూర్చునే ఎత్తు మాత్రం ఒకటిన్నర అడుగులు పెరిగింది.

ఆ తర్వాత నలభై ఏళ్ళలో పాతబస్తీ పెద్దిళ్ళ లోపలి రూపం మారిపోయింది. వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చుని భోంచేసే బల్ల ఉంది. చుట్టూ చెక్కుడుపని చేసిన కుర్చీలు. దివాన్ దేవ్డీలో సాలార్‌జంగులు మూడు తరాలుగా పోగేసిన వాటిలో ఫ్రెంచి రాజుల కాలం తరహా సోఫాలు, అల్మారాలు బోలెడు. పురానీ హవేలీలో, నేలమీది దర్బారుకి చివరి వారసుడైన ఆ మహబూబ్ అలీ ఖాన్ బట్టల కోసం ఒక పొడవాటి హాలు నిండా రెండంతస్తుల బర్మా టేకు బీరువాల వరస కట్టారు. పొడవు 176 అడుగులని సాధారణంగా చెప్పే లెక్క. పై అంతస్తు అరలకి చేరడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు ఉంది. ఆ టేకుకి కూడా ఒక కథ ఉంది. బ్రిటిష్ వాళ్ళు 1885లో బర్మా రాజు మీదికి యుద్ధానికి పోవడానికి చూపిన కారణాల్లో టేకు వ్యాపారం చేసే ఒక కంపెనీ మీద ఆయన వేసిన జరిమానా ఒకటి.

అంటే ఈ కుర్చీలూ బీరువాలూ పుట్టుకతోనే అమాయకమైనవి కావు. వాటి మీద ఉన్న పొరని చూసేటప్పుడు ఇది గుర్తుండాలి.

*

ఇప్పుడు మెరుపు దగ్గరికి వద్దాం.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పారిస్‌లో స్థిరపడి, 1820ల నాటికి ఇంగ్లండుకి పాకిన పద్ధతి పేరు ఫ్రెంచ్ పాలిష్. పేరు ఫ్రెంచిదే గానీ సరుకు మనది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే ఒక చిన్న పురుగు స్రవించే లక్క అది. మహాభారతంలో పాండవుల్ని కాల్చేయడానికి కట్టించిన ఇల్లు దీనిదే. ఒకప్పటి 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డులోనూ లక్క ఉండేది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో నిప్పుల సెగ మీద సాగదీసి అద్దాలు పొదిగే గాజులూ లక్కవే. ఆ గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చౌమహల్లాకీ లాడ్ బజార్‌కీ మధ్య కాలినడకన కొన్ని నిమిషాల దూరం. గాజులమ్మే వీధిలో ఉన్నదీ, రాజుగారి కుర్చీ మీద ఉన్నదీ ఒకే పదార్థం.

బజారులో పల్చటి రేకుల్లా దొరికే లక్కని పాలిష్ మిస్త్రీలు చప్డా అంటారు. దాన్ని స్పిరిట్‌లో నానబెడితే తేనె రంగు ద్రవం అవుతుంది. దూదిని మెత్తటి గుడ్డలో మూట కట్టి, దాన్ని ఇందులో ముంచి, చెక్క మీద సున్నాలు చుట్టినట్టు, ఎనిమిది అంకె రాసినట్టు రుద్దుతూ పోవాలి. మూట అతుక్కోకుండా మధ్యమధ్యలో ఒక చుక్క నూనె. స్పిరిట్ ఆవిరైపోతుంది, వెంట్రుకకన్నా పల్చటి లక్క పొర మిగులుతుంది. ఆరనిచ్చి మళ్ళీ. ఇలా పదుల సార్లు. రోజుల పని.

ఇందులో అసలు విషయం ఒకటుంది. లక్క ఆరిపోయాక కూడా స్పిరిట్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. కాబట్టి కొత్త పొర వేసినప్పుడల్లా అది కింది పొరని కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది. పదేళ్ళ తర్వాత, వందేళ్ళ తర్వాత వేసినా అంతే. పాతదీ కొత్తదీ వేరువేరుగా ఉండవు. ఒకే పొర అవుతాయి.

దీనికి బలహీనతలూ ఉన్నాయి. వేడి కప్పు పెడితే తెల్లటి వలయం పడుతుంది. నీళ్ళు నిలిస్తే పాలిపోతుంది. అత్తరు చిందితే మచ్చ. అందుకే 1950ల నుంచి రసాయన వార్నిష్‌లు దాన్ని పక్కకి నెట్టాయి. ఈరోజు పాలిష్ అంటే ఎక్కువచోట్ల మెలమైన్ లేదా పీయూ, అంటే పాలీయూరిథేన్. గన్‌తో స్ప్రే చేస్తారు, ఒక పూటలో అయిపోతుంది, గాజులా మెరుస్తుంది. కానీ అది ఆరేటప్పుడు లోపలి అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి వలలా అయిపోతాయి. మళ్ళీ కరగదు. గీత పడితే ఆ గీతని మాత్రమే సరిచెయ్యడం చాలా కష్టం. మొత్తం గీకి మళ్ళీ వెయ్యాలి. నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి కాబట్టి నాకు తట్టే మాట: లక్కకి అన్‌డూ ఉంది, పీయూకి లేదు.

*

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అదే ఏడు మార్చిలో మూడో సాలార్‌జంగ్ పెళ్ళి లేకుండా, వారసులు లేకుండా చనిపోయాడు. ఆయన సేకరణని దివాన్ దేవ్డీలోనే మ్యూజియంగా పెడితే 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రారంభించాడు. 1968లో ఆ సేకరణ మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. దివాన్ దేవ్డీకి మాత్రం ఇప్పుడు చెప్పుకోవడానికి దర్వాజాలు మిగిలాయి. సామాను బతికింది, ఇల్లు పోయింది.

చౌమహల్లాలో ఇంకోలా జరిగింది. 1967లో ఏడో నిజాం పోయాక మనవడు ముకర్రం జా వారసుడయ్యాడు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. ఆయన మొదటి భార్య ప్రిన్సెస్ ఎస్రా తిరిగొచ్చి, ఆర్కిటెక్టు రాహుల్ మెహ్రోత్రాతో కలిసి పునరుద్ధరణ మొదలుపెట్టేదాకా మధ్యలో దాదాపు ముప్పై ఏళ్ళు తాళాలు, దుమ్ము, వాన నీళ్ళు. 2005లో ప్యాలెస్ జనానికి తెరుచుకుంది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. అదే ఏడు నవంబరులో ఫలక్‌నుమా హోటల్‌గా తెరుచుకుంది. ఇక్కడ ఇల్లూ సామానూ రెండూ ఒకచోటే బతికి బట్టకట్టాయి.

ఇవి పేరున్న ఇళ్ళు. పేరు లేని దేవ్డీలు ఇంకెన్నో. జాగీరు పోయాక, జీతాలివ్వలేక నౌకర్లని పంపించేశాక, ఇల్లు వాటాలు పడ్డాక, ముందు అమ్ముడుపోయేవి పెద్ద సామాన్లే. రెండు గదుల వాటాలో పన్నెండు అడుగుల బల్ల పట్టదు. అలా టేకు, ఇరుగుడు కర్ర సామాను పాత సామాన్ల దుకాణాలకి, జుమ్మేరాత్ బజార్ లాంటి సంతలకి, అక్కణ్ణించి ఊళ్ళు దాటి వెళ్ళింది. అమ్మేవాడికి అది త్వరగా అమ్ముడుపోవాలి, కొనేవాడికి అది పాతదై ఉండాలి గానీ పాతగా కనపడకూడదు. ఈ రెండు కోరికలూ కలిసే చోట వాడేది ఇసుక కాగితం.

ఇసుక కాగితం ఏం తీస్తుందో కాస్త వివరంగా చూడాలి. చెక్క పైభాగం ఏళ్ళ తరబడి వెలుతురుకీ గాలికీ రంగు మారుతుంది. టేకు ముదురు తేనె రంగుకి తిరుగుతుంది, ఇరుగుడు కర్ర కొంచెం వెలిసి గోధుమ రంగు అవుతుంది. ఈ మార్పు లోతు మిల్లీమీటరులో చిన్న వంతు. దాని మీద లక్క, లక్క మీద మైనం, మైనంలో చేతుల నూనె, సాంబ్రాణి పొగ. ఇవన్నీ అంతటా సమానంగా ఉండవు. చేతులు ఆనే చోట పల్చబడి ఉంటాయి, చెక్కుడు పువ్వుల లోతుల్లో నల్లగా పేరుకుని ఉంటాయి. ఆ తేడాయే చెక్కుడికి నీడనిస్తుంది. ఒక పూట మెషీన్‌తో గీకితే ఈ తేడా అంతా ఒక్క మట్టానికి వచ్చేస్తుంది. తర్వాత ఎంత మంచి రంగు పూసినా అది అంతటా ఒకేలా పడుతుంది. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటి వాటిని చూసే అనుంటారు.

*

అయితే అసలు ఏదీ ముట్టుకోకూడదా? ఈ గొడవ చాలా పాతది. 1877లో విలియం మోరిస్ లండన్‌లో పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టాడు. చర్చిల గోడల్ని గీకి కొత్తవాటిలా చేసేవాళ్ళ మీద కోపంతో దానికి వాళ్ళే పెట్టుకున్న ముద్దుపేరు 'గీకుడు వ్యతిరేకులు' అన్న అర్థం వచ్చేది. 1963లో చెసారే బ్రాండీ అన్న ఇటాలియన్, పునరుద్ధరణ సిద్ధాంతం మీద రాసిన పుస్తకంలో ఒక నియమం స్థిరపరిచాడు: వస్తువు కాలంలో ప్రయాణించిన గుర్తుల్ని చెరపకూడదు. ఈరోజు మ్యూజియంలు పాటించే రెండు సూత్రాలు అలాంటి ఆలోచనల్లోంచి వచ్చినవే. ఎంత తక్కువ చేస్తే అంత మంచిది. చేసినది ఏదైనా మళ్ళీ తియ్యగలిగేలా ఉండాలి.

మన సంప్రదాయం దీనికి ఎదురుగా నిలబడుతుంది. మనది జీర్ణోద్ధారణ. పాడైనదాన్ని బాగుచేసి మళ్ళీ వాడుకలోకి తేవాలి. వాడుకలో లేని వస్తువు మన దృష్టిలో చచ్చిపోయినట్టే. ఇన్‌టాక్ సంస్థ 2004లో తెచ్చిన పరిరక్షణ ఒప్పందం ఈ మాటని గౌరవంగా తలకెత్తుకుంది. పాశ్చాత్య సిద్ధాంతాలతో పాటు ఇక్కడి పనివాళ్ళ పరిజ్ఞానానికీ చోటివ్వాలంది. ఈ మాట నాకూ నచ్చుతుంది. తాడు కట్టి 'కూర్చోరాదు' అని బోర్డు పెట్టిన కుర్చీని చూస్తే నాకు ఎప్పుడూ కొంచెం దిగులు.

కానీ జీర్ణోద్ధారణ పేరుతో ఇవాళ జరిగేదేమిటి? గీకి, లప్పం పెట్టి, పీయూ కొట్టడం. దాన్ని మన సంప్రదాయం అనడం కష్టం. లక్క పాలిష్ ఎలా పనిచేస్తుందో తెలిశాక నాకు అనిపించింది ఏమిటంటే, ఈ రెండు వాదాల తగువు చాలామటుకు ఆ పదార్థంలోనే తీరిపోయి ఉంది. పల్చబడిన చోట మిస్త్రీ రెండు చేతులు లక్క వేస్తాడు, అది పాతదాన్ని చెరపకుండా పాతదాంట్లో కలుస్తుంది. కుర్చీ బాగుపడుతుంది, మళ్ళీ కూర్చోవచ్చు, కాలం గుర్తులూ ఉంటాయి. బ్రాండీకీ అభ్యంతరం ఉండదు, మన తాతలకీ ఉండదు. ఇంకోలా చెప్పాలంటే, ఈ కుర్చీల వన్నె ఒకప్పుడు పుట్టి ఆగిపోయింది కాదు. కొన్నేళ్ళకోసారి ఎవరో ఒకరు కాస్త కాస్త చేర్చుకుంటూ రాబట్టే అది ఉంది. అందుకని దాన్ని కాపాడటమంటే అదే రకం పనిని, అదే సరుకుతో, ఇంకొంచెం కొనసాగించడం.

*

ఇక ఆచరణ. ఇంట్లో ఒక పాత కుర్చీయో భోషాణమో ఉంటే ఏం చెయ్యాలి?

ముందు చూడాలి. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ఉపరితలం మీద గీతలు, పెచ్చులు, పాత మరమ్మతులు అన్నీ బయటపడతాయి. తర్వాత మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. గుడ్డతో తుడిస్తే దుమ్ములోని ఇసుక రేణువులే ఇసుక కాగితం పని చేస్తాయి.

తర్వాత పొర ఏమిటో తెలుసుకోవాలి. కుర్చీ అడుగున, కనపడని చోట, ఇయర్‌బడ్‌తో చుక్క స్పిరిట్ అద్ది చూస్తే, జిగురుగా మెత్తబడితే అది లక్క. అంటే ఇక పైభాగంలో ఎక్కడా స్పిరిట్ గానీ, సువాసన వచ్చే క్లీనర్లు గానీ వాడకూడదన్నమాట. టర్పెంటైన్ మైనాన్నీ జిడ్డునీ కరిగిస్తుంది, ఆరి గట్టిపడిన లక్కని మామూలుగా కదపదు. అందుకని పేరుకున్న పాత మైనాన్ని దాంతో, దూదిని ఉండలా చేసి, చారెడు చారెడు మేరా తియ్యొచ్చు. నీళ్ళతో పోయే మట్టికి, తడి పిండేసిన దూది చాలు. మ్యూజియం నిపుణులు వాడే ఇంకో ద్రవం ఉంది: ఉమ్మి. అందులోని ఎంజైములు జిడ్డు మట్టిని మృదువుగా విడదీస్తాయి. నిజాం కుర్చీని ఎంగిలితో తుడవడమా అని మనవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు గానీ, అది నిజంగానే ప్రామాణికమైన పద్ధతి. బంగారు పూత ఉన్న చట్రాల దగ్గర మాత్రం ఇదీ వద్దు, నీళ్ళూ వద్దు. పూత కింద సుద్ద, జిగురు ఉంటాయి. తడికి ఉబ్బి బంగారం ఊడొస్తుంది.

దూదికి నల్లగా వస్తున్నంతసేపూ మకిలి వస్తున్నట్టు. తేనె రంగు, గోధుమ రంగు కనపడగానే ఆగాలి. అక్కణ్ణించి వచ్చేది వన్నె. చెక్కుడు లోతుల్లో నల్లదనం పూర్తిగా పోయేదాకా పట్టుబట్టకూడదు.

చివరగా మైనం. తేనెమైనాన్ని టర్పెంటైన్‌లో మెత్తగా చేసి పల్చగా రాసి, ఆరాక ఊలు గుడ్డతో రుద్దితే చాలు. మ్యూజియంలలో, బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950ల్లో తయారైన తరహా శుద్ధి చేసిన మైనం వాడతారు. కొబ్బరి నూనె, కిరసనాయిలు కలిపి రాసే అలవాటు మన ఇళ్ళల్లో చాలా ఉంది. రాసిన పూట బాగుంటుంది, తర్వాత ఏడాది పొడవునా దుమ్ముని పిలిచి కూర్చోబెడుతుంది. కొత్త మకిలి అలాగే పుడుతుంది.

కీళ్ళు వదులైతే మేకు కొట్టకూడదు. పాతకాలపు సామాన్లలో ఎముకలు, తోళ్ళతో చేసిన సరేష్ జిగురు ఉంటుంది. వేడీ తేమా తగిలితే అదీ లక్కలాగే మెత్తబడి విడిపోతుంది, మళ్ళీ అదే జిగురుతో అతకొచ్చు. ఇక ఏప్రిల్ ఎండలకి కొయ్య ఎండి చీలిక తెరుచుకుంటే వెంటనే లప్పం కూరొద్దు. జులై ముసురుకి చెక్క ఉబ్బుతుంది, అప్పుడు ఆ లప్పమే చీలికని ఇంకా పెద్దది చేస్తుంది.

*

ఇంతకీ ఈ వన్నె ఎవరిది అన్న ప్రశ్న ఉండనే ఉంది.

మ్యూజియం చీటీ మీద ఏ దేశపుది, ఏ శైలి, ఏ శతాబ్దం, ఎవరి సేకరణ అని ఉంటుంది. కుర్చీని చేసినవాడి పేరు ఎప్పుడో గానీ ఉండదు. దాన్ని వందేళ్ళ పాటు తుడిచిన మనిషి పేరు ఎప్పుడూ ఉండదు. కానీ కుర్చీలో కూర్చున్న నవాబు దాని మీద వదిలింది చేతులానే చోట కాస్త అరుగుదల మాత్రమే. మిగతా ఉపరితలమంతా పొద్దున్నే లేచి గుడ్డ పట్టుకున్న నౌకరుది, కొన్నేళ్ళకోసారి దూది మూట పట్టుకుని వచ్చిన ఉస్తాద్‌ది. పురానీ హవేలీ బీరువాల్లోని బట్టలు నిజాంవి. ఆ చెక్క లిఫ్టు పిడిని తిప్పిన చేతులు ఆయనవి కావు. ఆ పిడి నునుపుని గీకేస్తే, అక్కడ పనిచేసిన మనుషులకి మిగిలిన ఒకే ఒక్క సంతకాన్ని గీకేసినట్టు. దొరల సామాను మీద మనకెందుకు ఇంత మమకారం అని అడిగేవాళ్ళకి నేను చెప్పగలిగిన జవాబు ఇది.

ఆ చేతుల వారసులు ఇంకా ఈ ఊళ్ళో ఉన్నారు. చప్డా నానబెట్టి చేత్తో పాలిష్ వెయ్యగల మిస్త్రీలు పాతబస్తీ గల్లీల్లో వెతికితే దొరుకుతారు. వాళ్ళకి స్ప్రే గన్ పట్టడం కూడా వచ్చు, ఎందుకంటే అడిగేవాళ్ళందరూ అదే అడుగుతున్నారు. ఒక పూట పనికీ పది రోజుల పనికీ కూలి తేడా ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. పాత కుర్చీని బాగుచేయించే ముందు మనం అడగాల్సిన మాటలు రెండే: గీకుతారా, దేనితో వేస్తారు? మొదటిదానికి వద్దనీ, రెండోదానికి లక్కతోననీ మనమే చెప్పి, ఆ పది రోజుల కూలి బేరం ఆడకుండా ఇవ్వాలి. ఇవ్వలేకపోతే, దుమ్ము దులిపి, కాస్త మైనం రాసి, దాన్ని అలాగే ఉంచి వాడుకోవచ్చు. ఇచ్చే స్తోమత ఉన్నవాళ్ళు ఎవరో తర్వాత వస్తారు. అప్పటిదాకా దాని మీద పీయూ పడకుండా చూస్తే చాలు.